అరువు పుస్తకం చెప్పిన మాంద్యం కథ

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. మీ కాలేజీ సదస్సుకి మాంద్యంలో నిర్మాణ రంగం మీద వ్యాసం రాయాలి, లెక్కలు ఎన్నయినా దొరుకుతున్నాయి గాని వాటిలో మనుషులు కనబడడం లేదని వాపోయావు. 2008–09లో హైదరాబాదులో సిమెంటు, ఇనుము అమ్ముకున్నవాణ్ణి కాబట్టి నా అరువు పుస్తకంలో ఉన్నది చెబుతాను. తీరిగ్గా చదువు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేనాటికి అటువైపు నాలుగు గజాలున్నవాడల్లా కోటీశ్వరుడిలా మాట్లాడేవాడు. సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి మన ఐటీ కంపెనీల మాదాపూర్! కానీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు ఫ్లాటుకి అడ్వాన్సు ఎందుకిస్తాడు? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తమ లెక్కలు దొంగలెక్కలని ఒప్పుకున్న ఉత్తరం బయటపడ్డాక ఆ భయం మరీ ముదిరింది. ఆ కుటుంబానికే చెందిన నిర్మాణ కంపెనీ మేటాస్ చేతిలోని మెట్రో రైలు కాంట్రాక్టు కూడా ఆ ఏడాదే రద్దయింది.

అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆగిపోతే బిల్డరు కారు అమ్ముకోడు, ముందు మేస్త్రీకి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. పాలమూరు నుంచి మనుషుల్ని తెచ్చిన గుంపు మేస్త్రీ వాళ్ళకి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు కనుక అతనూ ఇరుక్కుంటాడు. ఆపైన స్లాబు కింద బిగించే సెంట్రింగ్ చెక్క అద్దెకిచ్చేవాడు, ఇసుక లారీ వాడు, ఆ తర్వాత నేను. కూలీలు పనికోసం చేరే కూకట్‌పల్లి అడ్డాలో ఆ రోజుల్లో ఎండ ముదిరాక కూడా మనుషులు నిలబడే ఉండేవారు.

స్లాబు పోసే రోజు నువ్వెప్పుడైనా దగ్గరుండి చూశావా? తెల్లవారకముందే కాంక్రీటు కలిపే మిల్లరు మొదలవుతుంది. కంకర ఎత్తేవాళ్ళు, ఇసుక ఎత్తేవాళ్ళు, సిమెంటు బస్తా కోసేవాడు, తట్టలు అందించే ఆడవాళ్ళ వరస, పైన వైబ్రేటరు పట్టినవాడు, మట్టం చూసే మేస్త్రీ. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది కాబట్టి పని ముగిసేదాకా ఎవరూ కదలరు. సాయంత్రం యజమాని కూలీతోపాటు మాంసం భోజనం పెట్టించాలి, లేకపోతే ఊరుకోరు. ఆ డబ్బు మర్నాటికల్లా కిరాణా కొట్టుకి, పిల్లల ఫీజుకి, ఊళ్ళోని అప్పుకి చేరిపోతుంది. ఇంత త్వరగా ఇంతమంది చేతుల్లోకి డబ్బు చేర్చే పని మన ప్రాంతంలో వ్యవసాయం తర్వాత ఇదే. నీ వ్యాసంలో మొదట రాయవలసింది ఇది, జీడీపీ శాతం కాదు.

మరి మాంద్యంలో నిలబెట్టినది ఎవరంటావా? సర్కారు పనులు కొంత. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పని నడుస్తూనే ఉంది, 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవరు 2009 అక్టోబరులో తెరిచారు, జిల్లాల్లో జలయజ్ఞం కాలువలు, ఇందిరమ్మ ఇళ్ళు. పేపర్లో ఫోటో పడేది ఫ్లైఓవరుదే. కానీ దాని డబ్బులో పెద్ద వాటా యంత్రాలకి, ఇనుముకి పోతుంది. పైగా బిల్లులు సకాలంలో పడవు. నా దగ్గర అరువు తీసుకున్న ఒక సబ్ కాంట్రాక్టరు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్నాడు గాని నా బాకీ మాత్రం తీర్చలేకపోయాడు.

నా గల్లాకి నిజంగా తెలిసిన మార్పు చిన్న ఇళ్ళ వల్ల వచ్చింది. రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ నెలాఖరు లోపు 9 శాతం నుంచి 4.75కి దించింది. ప్రభుత్వ బ్యాంకులు డిసెంబరులో 5 లక్షల లోపు గృహరుణానికి 8.5, ఆపైన 20 లక్షల దాకా 9.25 శాతం మించకుండా వడ్డీ ప్రకటించాయి. అప్పటికి ఇనుము ధర కూడా దిగివచ్చింది. ఉప్పల్ వైపు నూటయాభై గజాలు కొని పెట్టుకున్న గుమస్తాలు, టీచర్లు ఒక్కొక్కరే దుకాణం మెట్లెక్కారు. టవర్లు కట్టే దొరల కన్నా నన్ను కాచింది వాళ్ళే! నా కొట్టు చూసి రాష్ట్రమంతా ఇంతే అనకు, కానీ తోటి డీలర్లు కూడా ఇదే మాట అనేవారు.

దుబాయ్ సంగతి మరచిపోకు. అక్కడ మేడలు కట్టి పంపిన డబ్బుతో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఇళ్ళు లేచేవి. 2009లో అక్కడి పనులు ఆగి మనవాళ్ళు చాలామంది తిరిగొచ్చేసరికి, మా మేనమామ ఊళ్ళో ఎన్నో గోడలు లింటెల్ (తలుపుల పైకమ్మీ) దగ్గరే ఆగిపోయాయి. అక్కడి మాంద్యం ఇక్కడి తాపీ మేస్త్రీని కూడా ఖాళీగా కూర్చోబెట్టింది.

ఇంకో కడుపుమంట. 1996 చట్టం ప్రకారం అప్పట్లో నిర్మాణాల మీద సెస్సు (అదనపు పన్ను) వసూలు చేసి కూలీల సంక్షేమానికి ఖర్చు పెట్టాల్సింది. అడ్డా మీద నిలబడ్డవాళ్ళలో ఆ సంక్షేమానికి పేరు నమోదైన కార్డు ఉన్నవాణ్ణి నేను చూడడం బహు అరుదు. పని పోయిన నెలలో వాళ్ళకి దిక్కు మళ్ళీ మేస్త్రీ అప్పే. ఈ రంగం ఆర్థిక వ్యవస్థని ఆదుకుంటుందని నువ్వు రాస్తే, మరి దాన్ని మోసేవాళ్ళని ఎవరు ఆదుకున్నారని సభలో ఎవరో ఒకరు అడగాలి. ఎవరూ అడగకపోతే నువ్వే అడుగు.

వ్యాసం పూర్తయ్యాక ఒక ప్రతి పోస్టులో పంపు, ఫోనులో చదవడం నా కళ్ళ వల్ల కాదు. పైన గది వేయిస్తానన్నావు కదా, కాంట్రాక్టరు మాటే నమ్మకుండా పిల్లర్లు ఇంజనీరుకి చూపించు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
సుబ్బారావు