మనిషికి పద్దు లేని యంత్రం: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక అతిథి అధ్యాపకురాలు నమస్కరించి రాసుకునే లేఖ. ఇది మొదటిది కాదు. ఇంతకు ముందు రాసినవి మీ పేషీదాకా వచ్చాయో, దారిలో ఏ సెక్షన్‌లో ఆగిపోయాయో నాకు తెలియదు. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీకి మాత్రం జవాబు వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది అంటూ ఫోనుకు సందేశం పంపారు. ఎలా పరిష్కారమైందో కనుక్కుందామని వెళితే, సంబంధిత శాఖకు పంపించాం కదా అన్నారు. సంబంధిత శాఖ తమరిదే. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాకు ఈ యంత్రం తెచ్చిన పథకం సంగతి తమకు తెలిసిందే కనుక దాని జోలికి పోను. కేంద్ర నిధులతో మా విశ్వవిద్యాలయానికి ఒక రామన్ స్పెక్ట్రోమీటర్ వచ్చింది. నమూనా మీద లేజరు వేసి, చెదిరి వచ్చే కాంతిని బట్టి అందులో ఏ అణువులున్నాయో చెప్పే యంత్రం అది. విలువ కోటి రూపాయల పైమాటే. దాన్ని నడపడానికి ఒక మనిషి కావాలి. ఒక్క పోస్టు. అడుగుతున్నది అంతే. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. అక్కడ జీతం కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వారిలో నేనూ ఒకరిని.

యంత్రం వచ్చిన రోజున సందడికి లోటు లేదు. రిబ్బను కత్తిరించారు, శాలువాలు కప్పారు, మర్నాడు పత్రికలో ఫొటో పడింది. ఆ ఫొటోలో ఉన్నవారిలో ఒక్కరికైనా దాన్ని ఆన్ చేయడం వచ్చా అని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదేమో. యంత్రం కొనడానికి పద్దు ఉంది, గదికి రంగు వేయడానికి ఉంది, శిలాఫలకానికి కూడా ఎక్కడినుంచో దొరికింది. నడిపే మనిషికి మాత్రం పద్దు లేదు.

ఆ మనిషి ఏం చేస్తాడని మీ అధికారులు అడిగారు కనుక చెబుతాను. పొద్దున్నే గది తెరిచి, లేజరు స్థిరపడేదాకా ఆగి, చిన్న సిలికాన్ ముక్కను లెన్సు కింద పెట్టాలి. దాని నుంచి చెదిరి వచ్చే కాంతి గీత 520.7 తరంగ సంఖ్య (చెదిరిన కాంతి ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గర రావాలి. అక్కడినుంచి జరిగితే కొలత తప్పుతోందని అర్థం. చోటు సరిగ్గానే ఉండి ఎత్తు తగ్గితే లోపల అద్దాలు కదిలాయనో, లేజరు బలహీనపడిందనో అర్థం. ఇది ఏదో ఒకనాడు చేసి వదిలేసే పని కాదు. దీని తర్వాతే ఎవరి నమూనా అయినా. మనది సముద్రం పక్కన ఉన్న జిల్లా. గాలిలో తేమ ఎంతో తమకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండు వారాలు గది ఏసీ లేకుండా మూసి ఉంచితే లెన్సులకు బూజు పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు యూపీఎస్ బ్యాటరీలు పనిచేశాయో లేదో ఒకరు చూడాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి తీరంలో ఇంత సున్నితమైన పరికరాన్ని ఎవరికీ అప్పగించకుండా తాళం వేసి పెట్టారు.

ఇప్పుడీ పనులన్నీ ఎవరు చేస్తున్నారంటే, నేనే. అతి చిన్న లోహపు కణాల మీద కాంతి ఏం చేస్తుందో చదివే ప్లాస్మానిక్స్‌లో పీహెచ్‌డీ చేశాను కనుక యంత్రం భాష తెలుసు. అతిథి అధ్యాపకులకు పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 వరకూ ఇవ్వవచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. మాకు ఇచ్చేది ఎంతో మీ ఆర్థిక విభాగానికి తెలుసు, నేను రాసి సిగ్గుపడను. అదైనా పాఠం చెప్పిన గంటకే. యంత్రం దగ్గర గడిపిన గంటలు ఏ రిజిస్టరులోనూ లేవు. వేసవి సెలవుల్లో మాకు పిలుపు ఉండదు, జీతమూ ఉండదు. సెలవుల్లో విద్యుత్తు పొదుపు చేయాలని ఒక సర్క్యులర్ వస్తుంది. ఏసీలు ఆపేస్తారు, ఆ గదిది కూడా. పోయినసారి తిరిగి తెరిచేసరికి బూజు పట్టింది లెన్సుకు, గీత ఎత్తు సగానికి పడిపోయింది. కంపెనీ ఇంజినీరు రావాలంటే రానూపోనూ ఖర్చు, సర్వీసు రుసుము, పైన జీఎస్టీ. వారంటీ ఎప్పుడో తీరిపోయింది.

ఆ ఖర్చు కోసం ఫైలు పెట్టాం. ఫైలు ఒక ప్రశ్నతో వెనక్కి వచ్చింది. ఈ యంత్రం వాడకం ఎంత? నడిపేవారు లేరు కనుక వాడకం తక్కువ అని రాశాం. మళ్లీ వెనక్కి వచ్చింది. వాడకం తక్కువగా ఉన్న యంత్రానికి పోస్టు అవసరమా? మంత్రి గారూ, భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని, ఇంత చక్కని వలయాన్ని ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు. శక్తి నష్టం అసలే లేదు, ఎంతకాలమైనా తిరుగుతుంది.

ఇంకో ముచ్చట. దేశంలోని పరిశోధన పరికరాలన్నిటినీ అందరూ వాడుకునేలా ఐ-స్టెమ్ జాబితాలో చేరుస్తారు కదా. మా యంత్రమూ అందులో ఉంది, నిక్షేపంగా. విజయనగరం నుంచి ఒక పరిశోధక విద్యార్థి అది చూసి సమయం కేటాయించమని రాశాడు. లెన్సు బాగు చేయించలేదు, రావద్దని రాయవలసి వచ్చింది. అతను నమూనాలు పట్టుకుని రైలెక్కి హైదరాబాద్ వెళ్లాడు. మన జిల్లాలవాళ్లకు వలస కొత్త కాదు. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌దాకా వెళతారు, కూలికి చెన్నై వెళతారు. ఇప్పుడు ఒక గాజు పలక మీది బంగారు కణాలను చూడడానికి కూడా వెళుతున్నారు.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మమ్మల్ని తప్పక పిలుస్తారు. సి.వి. రామన్ పటానికి దండ వేస్తారు. ఆయన చిన్నప్పుడు చదివింది మన విశాఖపట్నంలోనే అని ఎవరో ఒకరు గర్వంగా చెబుతారు, నిజమే. 1928లో ఆయన రెండు వందల రూపాయల పరికరాలతో రామన్ ఎఫెక్ట్ కనిపెట్టారని, మీరు కోట్ల యంత్రాలుండి కూడా ఏం చేస్తున్నారని వేదిక మీది పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపు వింటున్న సమయానికి, ఆయన పేరు పెట్టుకున్న యంత్రం నాలుగు గదుల అవతల తాళంలో ఉంటుంది.

ఆ వేదిక మీద ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. 1907లో ఉద్యోగం మీద కలకత్తా వచ్చిన రామన్, బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే పరిశోధన సంస్థ తలుపు తట్టినప్పుడు తీసినవాడు ఆశుతోష్ దే. విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు కాదు. తర్వాత పాతికేళ్లపాటు రామన్ పక్కన సహాయకుడిగా ఉండి ప్రయోగాలు నడిపాడు. 1928 నాటికి కె.ఎస్. కృష్ణన్ లాంటి సహ పరిశోధకుడు కూడా పక్కనే ఉన్నారు. పరికరాలు చవకవే కావచ్చు, మనుషులకు లోటు లేదు. మా దగ్గర లెక్క తిరగబడింది.

మా విద్యార్థుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఎమ్మెస్సీ తరగతిలో బంగారాన్ని ఇరవై నానోమీటర్ల కణాలుగా చేస్తే పసుపు రంగు పోయి ద్రావణం ఎర్రగా మారుతుందని చూపిస్తాను. కణంలోని ఎలక్ట్రాన్లన్నీ కాంతితో కలిసి ఊగుతాయి, ఆ ఊగడాన్నే ప్లాస్మాన్ అంటాం. గర్భనిర్ధారణ పట్టీ మీద, చాలా కోవిడ్ కిట్ల మీద కనిపించే ఎర్ర గీత ఈ కణాలదే అని చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి. రెండు కణాల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందులో కాంతి పోగుపడి, అక్కడున్న అణువు రామన్ సంకేతం లక్షల రెట్లు పెరుగుతుంది. 1974లో సౌతాంప్టన్‌లో గరుకు వెండి ఎలక్ట్రోడు మీద మొదట కనిపించింది ఈ వింతే. (మా తీరపు గాలికి వెండి కణాలు ఊరికే నల్లబడతాయి. అందుకే నేను బంగారంతోనే తంటాలు పడతాను.) అంతా విన్నాక ఒక అమ్మాయి లేచి అడుగుతుంది, మేడమ్, ఇది చదివితే ఉద్యోగం ఏమొస్తుంది?

ఉద్యోగాలు లేవని చెప్పలేను, ఉన్నాయి. సీగేట్ సంస్థ 2024లో ప్రకటించిన ముప్పై టెరాబైట్ల పైబడిన హార్డ్ డిస్కుల్లో లేజరు వేడిని చుక్కంత చోటికి చేర్చేది ప్లాస్మానిక్ భాగమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లోహపు కణాలతో రామన్ సంకేతాన్ని పెంచే పద్ధతితోనే పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరిశోధన జరిగింది. మందుల పరిశ్రమలో ముడిసరుకు అసలుదా కాదా అని రామన్ పరికరంతో చూసే పద్ధతి ఉంది, మా పైడిభీమవరంలో ఉన్నవి మందుల కంపెనీలే. బెంగళూరు ఐఐఎస్సీ నానో కేంద్రంలో యంత్రాలు నడపడానికే ప్రత్యేకంగా ఉద్యోగులున్నారు. కానీ ఇవన్నీ యంత్రం మీద చెయ్యి పెట్టినవారికి దొరికే ఉద్యోగాలు. మా పిల్లలు దాన్ని కిటికీలోంచి చూశారు. ఇంటర్వ్యూలో ఎన్ని స్పెక్ట్రాలు తీశావని అడిగితే ఏం చెబుతారు?

2023లో 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మేమంతా రుసుము కట్టి దరఖాస్తులు పెట్టాం. తర్వాత అది వ్యాజ్యాల పాలైన సంగతి తమకు తెలుసు. నా బాధ దాని గురించి కూడా కాదు. ఆ 3,220లో పరికరాలు నడిపేవారి పోస్టు ఒక్కటీ లేదు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందన్న ఊహే ఎవరికీ వచ్చినట్టు లేదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు, సంతోషం. ఒక్కొక్క ఫోటాన్‌ను, అంటే కాంతి రేణువును, పట్టే పని కూడా మా నానో ఆప్టిక్స్ వాళ్లదే. రేపు అక్కడ క్వాంటం కంప్యూటర్లను అతి చల్లగా ఉంచే యంత్రాల దగ్గర నిలబడేవాళ్లు ఎక్కడ తయారవుతారండీ? ప్రకటనల్లోనా?

ఉద్దానం గురించి రాయకుండా ఉండలేను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టారు, మంచి పని. నా బంగారు కణాలు ఆ కారణాన్ని తేల్చేస్తాయని అబద్ధం చెప్పను. నీటిలో పురుగుమందుల అవశేషాలను అతి తక్కువ మోతాదులోనూ పట్టడానికి ఈ పద్ధతి పనికొస్తుందని మాత్రం ప్రపంచమంతా ఒప్పుకున్నదే. ఆ ఊళ్ల బోరు నీళ్లు సీసాల్లో నా బల్ల మీద ఉన్నాయి. కొలవడానికి గంట దూరం వెళ్లనక్కర్లేదు, నాలుగు గదులు దాటితే చాలు. దాటలేకపోతున్నాం.

మంత్రి గారూ, ఒక్క పోస్టు మంజూరు చేయండి. సైంటిఫిక్ ఆఫీసర్ అనండి, టెక్నికల్ ఆఫీసర్ అనండి, పేరు తమ ఇష్టం. అది నాకే ఇమ్మని అడగడం లేదు. నోటిఫికేషన్ వేయండి, పరీక్ష పెట్టండి, మెరుగైనవారికి ఇవ్వండి. అది కుదరదంటే ఒప్పందం మీదైనా ఇవ్వండి. అదీ కుదరదంటే నిర్వహణ ఖర్చుకు ఏటా కొంత సొమ్ము ఇవ్వండి. కనీసం ఫైలుకు జవాబు ఇవ్వండి, ప్రశ్న కాదు. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, మా చేతిలో లేదు అని మీ కార్యాలయంలో చెప్పారు. ఆ శాఖ మంత్రిగారు తమ పక్క కుర్చీలోనే కదా కూర్చుంటారు.

ఇవేవీ ఇప్పట్లో జరిగేవి కావని నాకూ తెలుసు. మళ్లీ వేసవి సెలవులు వస్తున్నాయి, సర్క్యులర్ కూడా వస్తుంది. ఆ ఒక్క గదిలో ఏసీ ఆపవద్దని రెండు వాక్యాల ఉత్తర్వు ఇప్పించండి. సెలవుల్లో రోజూ వెళ్లి తలుపు తీసి చూసుకుంటాను, జీతం అడగను. పోస్టు సంగతి మళ్లీ రాస్తాను, రాయడం ఎలాగూ అలవాటైంది.

ఇట్లు,
భౌతికశాస్త్ర అతిథి అధ్యాపకురాలు,
శ్రీకాకుళం జిల్లా