చలికాలంలో బైక్ టైరులో గాలి తగ్గించకండి

సంపాదకులకు,

చలికాలానికి మోటార్‌సైకిల్‌ను మూలన పెట్టడం గురించి మీ ప్రవాసుల పేజీలో వచ్చిన వ్యాసం బ్యాటరీ, పెట్రోల్ సంగతులు బాగానే చెప్పింది. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "చలికి రబ్బరు బిగుసుకుంటుంది కనుక కొంచెం గాలి తీసి ఉంచండి" అని రాసింది. ఇది తలకిందుల సలహా. డెట్రాయిట్, షికాగో, టొరంటో వైపు ఉండే తెలుగువాళ్ల బైకులు నవంబరులో గరాజ్‌లోకి వెళ్తే మళ్లీ ఏప్రిల్‌లోనే బయటికి వస్తాయి. ఈ మాట నమ్మి గాలి తీసినవాళ్లు ఈపాటికే ఉంటారు, అందుకే ఈ ఉత్తరం.

గాలి మనం తీయక్కర్లేదు, చలే తీస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 36 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరు, హీటర్ లేని గరాజ్‌లో మైనస్ 15కి దిగితే గేజ్ మీద 30 చూపిస్తుంది. ఎక్కడా లీకు లేకుండానే 6 పోయాయి. దీనికి తోడు ఎంత మంచి టైరైనా రబ్బరు గుండా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ వదులుతుంది. ఎండ రాగానే ఆ 6 తిరిగొస్తాయి, రబ్బరు గుండా పోయినవి తిరిగి రావు. నెలకు ఒకటే అనుకున్నా, మార్చి చలిలో గేజ్ పెడితే 25 కనిపిస్తుంది. మొదట్లోనే గాలి తీసిన బండి పరిస్థితి చెప్పనక్కర్లేదు.

గాలి తగ్గితే టైరు నేలకు ఆనేచోట అణిగి వెడల్పవుతుంది. లోపలి దారాలు, ముఖ్యంగా నైలాన్, ఆ అణిగిన ఆకారంలోనే గట్టిపడతాయి. కొద్దిగా పడిన చదునైతే పది పదిహేను నిమిషాల ప్రయాణంలో టైరు వేడెక్కి సర్దుకుంటుంది. నెలల తరబడి తక్కువ గాలితో నిలబెట్టినది సర్దుకోదు, ప్రతి చుట్టుకూ హ్యాండిల్‌లో టక్ టక్ మని తగులుతూనే ఉంటుంది. సైడ్ స్టాండ్ మీద ఉంచిన బండికి ఈ చదును నడిమధ్యన కాక ఎడమ పక్కకు పడుతుంది. నేరుగా వెళ్తుంటే ఏమీ తెలియదు, ఎడమకు వంచినప్పుడే తెలుస్తుంది. అది ఇంకా చెడ్డది.

కాబట్టి బండిని లోపల పెట్టే రోజున, వాతావరణం ఇంకా వెచ్చగా ఉండగానే, గాలి పెంచండి. టైరు పక్కగోడ మీద గరిష్ఠ బరువుకు ఎంత గాలి అని అచ్చువేసి ఉంటుంది. చాలా రేడియల్ టైర్లకు అది 42. అంతవరకు నింపండి, దాటొద్దు. 20 డిగ్రీల దగ్గర 42 నింపిన టైరు మైనస్ 15లో 35 దగ్గర నిలుస్తుంది. అది బండిని మోయడానికి సరిపోతుంది. అయితే జనవరిలో గేజ్ పెట్టి, 35 చూసి కంగారుపడి మళ్లీ 42కి నింపేవాళ్లుంటారు. మైనస్ 10లో 42 నింపితే, 20 డిగ్రీల రోజు వచ్చేసరికి అదే టైరులో 48 దాటుతుంది. చలిలో కొలిచినప్పుడు 30కి పైన ఉంటే ముట్టుకోకండి. దిగువకు వస్తే ఆ మేరకే కలపండి.

రెండు చక్రాలూ నేలకు తగలకుండా లేపగలిగితే చదును బెడదే ఉండదు. ప్యాడాక్ స్టాండ్లు (చక్రాన్ని నేల నుంచి లేపి ఉంచే స్టాండ్లు) వాడేటప్పుడు మొదట వెనక చక్రం లేపాలి, ఆ తర్వాతే ముందు చక్రం. దించేటప్పుడు దీనికి ఎదురు వరుస. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే భాగం) కిందో సైలెన్సర్ కిందో జాకీ పెట్టొద్దు. స్టాండ్లు లేకపోతే ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలు టైర్ల కింద వేసి, తడి కాంక్రీటుకు ఆననివ్వకుండా ఉంచండి. రెండు మూడు వారాలకోసారి చక్రం పావు చుట్టు తిరిగేలా బండిని జరపండి. 17 అంగుళాల రిమ్ మీద 180/55 టైరు చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు, అంటే మూరెడుకు కాస్త ఎక్కువ జరిపితే చాలు. పక్కగోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే పోయినసారి ఎక్కడ ఆనిందో మరచిపోరు.

ట్రాక్ టైర్లకు (రేసు ట్రాక్ కోసం చేసినవాటికి) మాత్రం ఈ జరపడం పనికిరాదు. ఆ మెత్తటి రబ్బరు సున్నా దిగువన పెళుసవుతుంది, కదిపితే చీలుతుంది. చక్రాలు విప్పి ఇంట్లో బేస్‌మెంట్‌లో పెట్టుకోవడమే మేలు. అప్పటికే గడ్డకట్టి ఉంటే కనీసం ఒక రోజంతా గది వెచ్చదనంలో ఉంచాకే ముట్టుకోండి.

లోపల పెట్టేముందు కడగడం అందరూ చేస్తారు, తర్వాత చేసేదే తప్పు. మామూలు సబ్బునీళ్లతో రోడ్డు ఉప్పు పోయేదాకా కడగాలి. రిమ్ అంచున ఉప్పు మిగిలితే అల్యూమినియం పొక్కి, టైరు బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు అంచు) దగ్గర సన్నగా గాలి పోతుంది. సబ్బునురుగు రాస్తే బుడగలు అక్కడే కనిపిస్తాయి. వాల్వ్ పిన్‌కూ ఇదే పరీక్ష. కడిగాక టైరుకు నల్లటి మెరుపు పూత పూయకండి. రబ్బరులో కలిపిన మైనమూ ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలూ మెల్లగా పైకి వచ్చి పొరలా నిలుస్తాయి. పాత టైరు మీద గోధుమరంగు మసకలా కనబడేది చాలావరకు అదే, మురికి కాదు. పెట్రోలియం కలిసిన పూతలు ఆ పొరను కరిగిస్తాయి. పూత ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీదికి జారితే మొదటి మలుపులోనే బండి కూడా జారుతుంది.

ఆ పొర ఎందుకంటారా? టైరు తిరుగుతున్నప్పుడు అది ఎక్కువగా ఊరుతుంది. నిలబడ్డ టైరుకు దాదాపు ఉన్నదే దిక్కు. ఓజోన్ సాగి ఉన్న రబ్బరును కొరుకుతుంది కనుక, గాలి తగ్గి ఉబ్బిన పక్కగోడలే ముందు చిట్లుతాయి. వెల్డింగ్ సెట్, కార్బన్ బ్రష్‌ల మోటార్లు, వాసన పోవడానికని అమ్మే ఓజోన్ యంత్రాలు ఆ గరాజ్‌లో నడపకండి. కిటికీ ఎండ పడనివ్వకండి. పైన కప్పేది గాలాడే బట్ట కావాలి, ప్లాస్టిక్ పట్టా తేమను లోపలే బంధిస్తుంది. కారు నుంచి కారిన ఆయిలో పెట్రోలో ఉన్న చోట టైరు ఆనిస్తే అక్కడ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి వదిలి ఆరు నెలలు విదేశాలకు వెళ్లేవాళ్లకు గాలి పెంచడం, చెక్క వేయడం, చక్రం జరపడం వరకు ఇదే వర్తిస్తుంది. అక్కడ గడ్డకట్టే బాధ లేదు, టెర్రస్ మీదో గేటు పక్కనో ఎండలో వదిలితేనే నష్టం.

ఏప్రిల్‌లో బండి తీసే ఉదయం, కదపకముందే, గాలిని మాన్యువల్‌లో చెప్పిన అంకెకు సరిచేయండి. ఇది మరచిపోయి 42తో రోడ్డెక్కితే ముందు చక్రం టైరు నేలకు ఆనేది తగ్గి పట్టు తగ్గుతుంది. పక్కగోడను బొటనవేలితో నొక్కి సన్నటి చీలికలు తెరుచుకుంటున్నాయేమో చూడండి. పక్కగోడ మీద DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగంకెలూ చదవండి: 3517 అంటే 2017లో 35వ వారం తయారీ. అంత పాతదై, చీలికలు కూడా ఉంటే ఆ టైరు మార్చాకే బండి తీయండి.

ఇట్లు,
మోటార్‌సైకిల్ టైర్ల మెకానిక్‌లు,
మిషిగన్