నట్టల మందు తాపే ముందు పెంటికలు చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. నలభై గొర్రెలు, పది దాకా మేకలు ఉన్నాయి. నాన్న కాలం నుంచీ ఈ జీవాల మీదే బతుకుతున్నాం. పోయిన వానల్లో పదకొండు రోజుల్లో ఆరు గొర్రెలు చచ్చిపోయాయి. నట్టల (పొట్టలో పురుగుల) మందు తాపక పోయినవి కావు, తాపిన తర్వాత పోయినవి, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఒక గొర్రె మందకు వెనకబడింది. రెండు రోజులకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. పారుడు లేదు, జ్వరం లేదు, మేత కూడా కొరుకుతూనే ఉంది. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్ల గుడ్డలా పాలిపోయి ఉంది. మూడు వారాల ముందే ఆల్బెండజోల్ తాపాం కాబట్టి నట్టలు కాదులే అనుకున్నాం. మందుల షాపుకు పోతే ఇంకో డబ్బా చేతిలో పెట్టి, ఇది స్ట్రాంగ్ అన్నారు. అది తాపాక ఇంకో మూడు పోయాయి. వెటర్నరీ చదువుతున్న మా అక్క కూతురు సెలవులకు వచ్చి ఆ డబ్బా తిప్పి చూసి, "మామా, ఇది ఫెన్‌బెండజోల్, మీరు ముందు తాపినదానికి తోడబుట్టిందే, దానికి చావని నట్ట దీనికీ చావదు" అంది. పేరు మారింది, రంగు మారింది, ధర పెరిగింది, లోపల మందు మాత్రం అదే కుటుంబంది. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటే మా వాళ్లు ఎంతమంది చదవగలరు?

తను కొన్ని జీవాల పెంటికలు మైక్రోస్కోప్ కింద పెట్టి నట్ట గుడ్లు లెక్కబెట్టింది. మళ్లీ తూకం వేసి సరైన మోతాదులోనే ఆల్బెండజోల్ తాపించి, పన్నెండు రోజులకు ఇంకోసారి లెక్కబెడితే గుడ్లు దాదాపు అన్నే ఉన్నాయి. మందు బాగా పనిచేస్తే నూటికి 95కు పైగా తగ్గిపోవాలట. ఆ తర్వాత పశువుల డాక్టర్ గారు వేరే కుటుంబం మందు రాసిస్తేనే మిగిలినవి బతికాయి.

ఈ నట్ట దారంలా సన్నగా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది, గొర్రె నాలుగో పొట్టలో చేరి రక్తం తాగుతుంది. ఒక్కోటి రోజుకు తాగేది 0.05 మిల్లీలీటరే, కానీ ఐదు వేలు చేరితే రోజుకు పావు లీటరు పోయినట్టే. ఒక్కో ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వానాకాలపు తడిలో వారం పది రోజుల్లోనే పిల్ల నట్టలు గడ్డి మీదికి ఎక్కుతాయి. మాకు జూన్ వానలూ ఉన్నాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలూ ఉన్నాయి, చెరువు గట్టున, మామిడి తోటల్లో పచ్చిక ఉన్నన్నాళ్లూ వీటికి పండగే.

వేల నట్టల్లో పుట్టుకతోనే మందుకు లొంగనివి కొన్ని ఉంటాయి. మనం మందు తాపిన ప్రతిసారీ లొంగేవి చచ్చి, లొంగనివి మిగిలి, వాటి పిల్లలే పెరుగుతాయి. ఇది మా ఒక్క మండలం కథ కాదు. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటి మందు 1961లో వస్తే మూడేళ్లకే అమెరికాలో దానికి లొంగని నట్టలు కనబడ్డాయి. 1981లో వచ్చిన వేరే కుటుంబం మందు ఐవర్‌మెక్టిన్ పదేళ్లు తిరక్కుండానే దక్షిణాఫ్రికా గొర్రెల్లో ఓడిపోయింది. మనుషుల్లోనూ ఇలాగే జరిగింది, ఉత్తర బీహార్‌లో కాలా అజార్ అనే జ్వరానికి యాంటిమొనీ అనే మందు ఇంజెక్షన్లు చాలా ఏళ్లు తక్కువ మోతాదులో, అరకొరగా వాడి వాడి, చివరికి సగానికి పైగా రోగులకు పనిచేయకుండా పోయాయి. (బడిలో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను మాత్రం ఇది చదివి మానేయకండి, అది వేయించాల్సిందే.)

తప్పు మాలోనూ ఉంది. 30 కిలోల గొర్రెకు మా దగ్గరి ఆల్బెండజోల్ 9 మిల్లీలీటర్లు పడాల్సిన చోట కంటి అంచనాతో ఐదో ఆరో పోశాం. మేక ఒంట్లో ఈ మందు త్వరగా అరిగిపోతుంది కాబట్టి దానికి మోతాదు ఎక్కువ కావాలని తెలియక గొర్రెకు పోసినంతే పోశాం. సంతలో కొన్న జీవాలను ఆ సాయంత్రమే మందలో కలిపేశాం, ఎక్కడి మొండి నట్టలు వాటితో వచ్చాయో.

ఇక ప్రభుత్వానికి నా మనవి. ఊళ్లో క్యాంపు పెట్టి ఉచితంగా నట్టల మందు తాపడం మంచి పనే, ఆపమని అనను. కానీ పనిచేయని మందు తాపితే జీవానికి మేలు లేదు, మొండి నట్టలను మనమే ఏరి పెంచినట్టు అవుతుంది. క్యాంపుకు ముందు ఒక్కో ఊళ్లో పది పదిహేను జీవాల పెంటికలు తీసి గుడ్లు లెక్కబెట్టండి, మందు తాపిన 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ లెక్కబెట్టండి. దీనికి మైక్రోస్కోపు, గుడ్లు లెక్కబెట్టే గాజు పలక, కాస్త ఉప్పు నీళ్లు చాలు. తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, అక్కడి విద్యార్థులను ఊళ్లకు పంపితే వాళ్లకు చదువూ అవుతుంది, మాకు జవాబూ దొరుకుతుంది. ఏ మండలంలో ఏ మందు పనిచేస్తోందో రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాసి పెట్టండి. అక్కడే ఒక తూకం మిషన్ పెట్టండి.

ఇంకొకటి, కంటి రెప్ప రంగు చూసి రక్తం ఎంత ఉందో చెప్పే ఐదు రంగుల కార్డు ఒకటి దక్షిణాఫ్రికాలో తయారైంది. దానితో చూసి పాలిపోయినవాటికే మందు తాపి, ఎర్రగా ఉన్నవాటిని వదిలేయాలి. వదిలేస్తే ఎలా అని మా కాపరులు భయపడతారు, నేనూ భయపడ్డాను. కానీ మందు తగలని నట్టలు కొన్ని మిగిలితేనే మందుకు లొంగే జాతి నిలబడుతుంది, మొండివాటితో కలిసి వాటి జోరు తగ్గిస్తుంది. రక్తం తాగే ఈ నట్ట ఒక్కదానికే ఆ కార్డు పనికొస్తుంది, కాలేయంలో చేరే జలగల జబ్బులాంటి వాటికి డాక్టరే చూడాలి. ఆ కార్డు పట్టుకుని మందలోకి వచ్చి, ఒక్క పూట నేర్పించే మనిషిని పంపండి. అక్టోబరు వానలకు ముందే పంపండి.

ఇట్లు,
ఒక గొర్రెల పెంపకందారు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా