పది రెట్లు వద్దురా శీనూ

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన బైనాక్యులర్స్ లింకులన్నీ చూశాను. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలేరా, చూద్దాం" అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇంట్లో అందరూ భోంచేసి పడుకున్నారు, నాకూ వేరే పని లేదు.

ముందు ఆ రెండో లింకు సంగతి తేల్చేద్దాం. పదిహేను వందలకే 180 రెట్ల జూమ్, చీకట్లో కూడా కనిపిస్తుందట, అద్దాలు ఎర్రగా ధగధగలాడుతున్నాయి. దాని జోలికి పోకు. చేత్తో పట్టుకుని చూసేదానికి 180 రెట్లు అనేది శుద్ధ అబద్ధం. 12 రెట్లకే చేతి వణుకు కూడా 12 రెట్లయి కూర్చుంటుంది, పిట్ట కొమ్మ మీద కదలకుండా ఉన్నా మనకి మాత్రం ఊగిపోతూ కనిపిస్తుంది. ఇక ఆ ఎర్ర పూత ఎర్రటి వెలుతురుని లోపలికి రానివ్వకుండా వెనక్కి కొట్టేస్తుంది. అందుకే బయటినుంచి అంత మెరుపు. కళ్ళకి పెట్టుకుంటే అడవంతా పచ్చగా, నీలంగా పాలిపోయి ఉంటుంది. మంచి పూత పచ్చగానో ఊదాగానో మసగ్గా మెరుస్తుంది, అంతే. ఎన్ని రెట్లు చెప్పినా సరే, జూమ్ ఉన్నవాటిని అసలు లెక్కలోంచే తీసెయ్. జూమ్ పెంచేకొద్దీ బొమ్మ చీకటిగా, మెత్తగా అయిపోతుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. 8×25 కొనాలా, 10×25 కొనాలా అన్నావు. నేను రెండూ వద్దని, 8×30 గానీ 8×32 గానీ కొనమని అంటున్నాను. కారణాలు విను, తర్వాత నీ ఇష్టం.

మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదాంతో భాగించు. వచ్చేది మన కంటిని చేరే వెలుగు చుక్క వెడల్పు. 8×25కి అది 3.1, 10×25కి 2.5, 8×32కి 4, పెద్ద సైజు 8×42కి 5 పైచిలుకు. మంచి ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది కాబట్టి పగలు పదకొండింటికి ఏది పట్టుకున్నా పెద్ద తేడా తెలియదు. కానీ పదకొండింటికి తలకోనలో ఏం కనిపిస్తాయిరా? కోతులు, సెల్ఫీలు దిగేవాళ్ళు. జంతువులు కదిలేది తెల్లవారుతుండగా, మళ్ళీ పొద్దుగూకే వేళ. అప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, ఆ రెండున్నర చుక్క దానికి ఏ మూలకీ రాదు. 25 అద్దం కంటే 32 అద్దం తీసుకునే వెలుతురు 60 శాతానికి పైగా ఎక్కువ. కొట్లో ట్యూబ్‌లైట్ కింద ఈ తేడా నీకు కనపడదు. శేషాచలంలో చెట్ల కింద, సాయంత్రం ఆరింటికి కనపడుతుంది.

"పది రెట్లయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా" అంటావని తెలుసు. కనిపిస్తుంది, దొరికితే. 8 రెట్లవాటిలో మామూలుగా కిలోమీటరు దూరాన 130 మీటర్ల వెడల్పు కనిపిస్తే, 10 రెట్లవాటిలో వందకి కాస్త ఎక్కువ. ఆకుల మధ్య గెంతుతూ తిరిగే చిన్న పిట్టని ఆ ఇరుకులో పట్టుకునేలోపు అది పక్క చెట్టుకి పోతుంది. పైగా నువ్వు కొండెక్కి ఆయాసపడుతూ చూస్తావు, స్టూడియోలో కూర్చుని కాదు. 10 రెట్లు విశాలమైన చెరువుల దగ్గర, గడ్డి మైదానాల్లో బాగుంటాయి. ఇక్కడ హెసరఘట్ట గడ్డి మైదానాల వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది అవే వాడతారు, వాళ్ళ లెక్క వేరు.

బరువు గురించి నీ బాధ అర్థమైంది. 8×25 మూడొందల గ్రాములు, జేబులో పడుతుంది. 8×30, 8×32 అయితే 450 నుంచి 550. 8×42 ఏడొందల దాకా లాగుతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అది పిట్టల కోసమే బయల్దేరేవాళ్ళకి, మనలాగా నడకలో కనిపించింది చూసేవాళ్ళకి కాదు. మధ్యలోవాటికీ చిన్నవాటికీ తేడా రెండొందల గ్రాములు. నీ బ్యాగులో ఆ రెండో పవర్‌బ్యాంక్ తీసెయ్, సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నీ కళ్ళజోడు. చిన్నవాటిని నీకు వద్దనడానికి సగం కారణం ఇదే. కంటికీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరముంటే బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో దాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కనీసం 15 మి.మీ. ఉండాలి. చౌక 25లలో పది, పన్నెండు ఉంటుంది. జోడుతో చూస్తే అంచులన్నీ నల్లగా పోయి గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. జోడు తీసి చూడొచ్చులే అనుకోకు. పిట్ట కనపడగానే జోడు తియ్యి, బైనాక్యులర్స్ పెట్టు, మళ్ళీ జోడు పెట్టు... రెండో రోజుకే విసుగొచ్చి బ్యాగులో పడేస్తావు. కంటి దగ్గరి రబ్బరు కప్పులు పైకి తిప్పి ఉంటే కిందికి దించెయ్, జోడు ఉన్నవాళ్ళకి అవి దిగే ఉండాలి.

కంపెనీలంటావా, నికాన్‌లో ప్రోస్టాఫ్ పీ7 8×30 చూడు. అర కిలో లోపే, ఐ రిలీఫ్ 15 దాటుతుంది, వెడల్పుగా కనిపిస్తుంది. నువ్వనుకున్న పదిహేను వేలలో వస్తుందేమో చూసుకో, పండగ సేల్స్‌లో ధర తగ్గుతుంటుంది. ఇంకా పెట్టగలిగితే అదే కంపెనీ మోనార్క్ ఎం7 8×30. ఈడీ అనే మేలు రకం గాజు కాబట్టి తెల్లటి ఆకాశం మీద కాకి అంచున ఊదారంగు గీత రావడం తగ్గుతుంది. జైస్, స్వరోవ్‌స్కీ చిన్నవి అద్భుతంగా ఉంటాయి, 25 అయినా వాటి గాజు వేరే లోకం. ఆ డబ్బుతో చెల్లెమ్మకి గొలుసు చేయించు, ఇంట్లో శాంతి ఉంటుంది.

ఏది కొన్నా లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసిందే తీసుకో. అది వాన కోసమే కాదు. ఏసీ కారులోంచి దిగి తేమ గాలిలోకి రాగానే మామూలువాటికి లోపలి అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది, ఇక అరగంట ఏమీ కనపడదు. వానాకాలం అంతా తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే ఫంగస్ వస్తుంది. మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకో. దుమ్ము పడితే ముందు ఊదాలి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. నీ చొక్కా కొసతో తుడిచావంటే ఇసుక రేణువులు పూత మీద గీతలు పెడతాయి.

కొట్లో ఏం చూడాలంటే, బైనాక్యులర్స్‌ని చేయి చాచి ఆకాశం వైపు పట్టుకుని వెనక అద్దంలో కనిపించే వెలుగు చుక్కని చూడు. గుండ్రంగా ఉంటే లోపలి పట్టకం (ప్రిజం) మంచి గాజుది, బీఏకే4 అంటారు. అంచులు కోసేసినట్టు నలుపలకగా, బూడిదరంగు నీడతో ఉంటే చౌక రకం. తర్వాత బయటికొచ్చి దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదువు. రెండు మూడు నిమిషాలు చూస్తే కళ్ళు లాగినట్టు, తల బరువెక్కినట్టు అనిపిస్తే రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడట్లేదని అర్థం. కంపెనీ ఏదైనా తీసుకోకు. ఇక్కడ ఒక కొట్టువాడు నాకు "మొదట్లో అలాగే ఉంటుంది సార్, అలవాటైపోతుంది" అన్నాడు. అలవాటవ్వదు.

సర్దుకోవడం చాలామందికి తెలియదు. ముందు మధ్య మడత తిప్పి రెండు వలయాలూ ఒక్కటయ్యేలా చేసుకో. కుడివైపు అద్దానికి మూత పెట్టి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకో. తర్వాత ఎడమవైపు మూసి, చక్రం ముట్టుకోకుండా కుడివైపున ఉన్న చిన్న రింగు మాత్రమే తిప్పు. ఆ గుర్తు ఎక్కడుందో చూసి పెట్టుకుంటే ఇక ఎప్పటికీ మధ్య చక్రం ఒక్కటే పని. పిట్టని చూడాలంటే దాని మీదినుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్సే కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. కిందికి చూసి, పెట్టుకుని, ఆ తర్వాత వెతికితే దొరకదు.

ఇదంతా దేనికంటే, మొన్న లాల్‌బాగ్‌లో రావిచెట్టు చిటారు కొమ్మన కంసాలి పిట్ట. నీకూ తెలిసిందే, ఎండాకాలం పొద్దస్తమానం టుక్ టుక్ టుక్ అంటుంది, మనిషికి మాత్రం కనపడదు. ఉత్త కళ్ళకి పచ్చటి ఉండ. 8 రెట్లలో నుదుటి మీద ఎర్రటి బొట్టు, కంటి పైనా కిందా పసుపు, లావాటి ముక్కు మొదట్లో మీసాల్లా నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. అరుస్తున్నప్పుడు దాని నోరు మూసే ఉందిరా! గొంతు ఉబ్బుతోంది, టుక్, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. ప్రతిసారీ తలని ఒక్కో పక్కకి తిప్పుతోంది, అందుకే శబ్దం ఎటునుంచి వస్తోందో మనకి అంతుపట్టదు. చిన్నప్పటినుంచీ వింటున్న గొంతు, ముఖం చూసింది ఇప్పుడు.

మీ పాప చిన్నికి మాత్రం వేరేగా ఆలోచించు. పెద్దవాళ్ళ బైనాక్యులర్స్ ఎంత మడిచినా రెండు కళ్ళ మధ్య దూరం చాలా రకాల్లో 56 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, పిల్లల కళ్ళు అంతకంటే దగ్గరగా ఉంటాయి. రెండు చోట్ల మడతపడే చిన్న 8×25 దానికి సరిపోతుంది. నువ్వు వెతుకుతున్న ఆ జేబు సైజు దానికి కొను. సీతాకోకచిలుకలంటే పిచ్చి అన్నావు కదా, పెంటాక్స్ పపీలియో అని ఒకటుంది, 6.5×21. అర మీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. మిగతావాటిలో చాలావరకు రెండు మూడు మీటర్ల లోపలికి వస్తే మసకే. పువ్వు మీద వాలిన సీతాకోకచిలుక నాలుక చుట్ట విప్పడం దాంట్లో చూస్తే ఇక మీ ఇంట్లో ఎవరికీ దొరకనివ్వదు. ఒక్క మాట, ఎవరూ పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకూడదు. చూపే పోతుంది. చేతికి ఇచ్చేటప్పుడే దానికి గట్టిగా చెప్పు.

దసరా సెలవలకి వస్తామన్నారు కదా. రామనగర తీసుకెళ్తాను, అక్కడి రామదేవర బెట్ట అనే కొండకి. 2012లో దాన్ని రాబందుల కోసమే అభయారణ్యం చేశారు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిని దేశమంతా రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకం నిషేధించారు గానీ అప్పటికే ఆలస్యమైంది. అక్కడి కొండరాళ్ళ మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు కనిపిస్తే అవి రెట్టలు, ఆ పైనే ఎక్కడో గూడు ఉంటుంది. ముందు చారలు వెతకాలి, అక్కణ్ణుంచి పైకి పోవాలి. ఓపికుంటే మరో రోజు ఇక్కడి నంది హిల్స్. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణాదిలో తప్ప ఎక్కడా ఉండదు, అక్కడ రాళ్ళ మధ్య పొదల్లో తిరుగుతుంది. మీ హార్స్‌లీ హిల్స్‌లోనూ ఉంది, నువ్వెప్పుడూ చూడలేదంతే.

అందాకా ఆన్‌లైన్‌లో ఏదీ ఆర్డర్ పెట్టకు. వచ్చినప్పుడు కలిసి వెళ్ళి, నీ కళ్ళజోడుతోనే, రోడ్డు మీదికి పట్టుకొచ్చి చూసి కొందాం. కాకపోతే శనివారం సాయంత్రానికే చేరుకునేలా బండెక్కండి. నాకు తెలిసిన కొట్టు ఆదివారం తెరవరు, మళ్ళీ సోమవారం నాకు ఆఫీసు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు ఆవకాయ మరిచిపోవద్దని కూడా.

నీ
రమణ