సీఎం సారుకు: జొన్నరొట్టెల బండి మీద రీసెర్చ్‌కు కూడా జర పైసలు ఇయ్యండి

గౌరవనీయులు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారికి,

నమస్తే సారూ. నేను మహబూబ్‌నగర్‌ల డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. విద్యాశాఖ మీ దగ్గరే ఉంది, మీ సొంతూరు కొండారెడ్డిపల్లి, మీరు గెలిచింది కొడంగల్, కోస్గి నారాయణపేట దిక్కు నుంచి కూలికి పోయేటోళ్లతోని బొంబాయికి బస్సులు ఎందుకు నడుస్తయో మీకు ఇంకొకరు చెప్పే పని లేదు, అందుకే ఢిల్లీకి రాయకుండా మీకే రాస్తున్న. అడిగేది ఒక్కటే. రోడ్డు మీద తిండి బండ్లు పెట్టుకున్నోళ్లు ఏ ఊరి నుంచి వచ్చిన్రు, ఎట్ల నిలబడ్డరు, ఏం వండుతున్నరు, ఎవరు తింటున్నరు అని చదివే మన పిల్లలకు పాలమూరు యూనివర్సిటీ ద్వారా చిన్న ఫెలోషిప్ పెట్టండి.

నవ్వకండి సారూ. ఇదే మాట ఒక ప్రాజెక్టు రాసి ఒక పెద్ద సంస్థకు పంపితే ఇది ఎకనామిక్సా హోం సైన్సా అని అడిగి వాపస్ పంపిన్రు. బిర్యానీ అయితే ఎవ్వరూ అట్ల అడగరు. 2019ల యునెస్కో హైదరాబాద్‌ను తిండికి పేరున్న క్రియేటివ్ సిటీల లిస్టుల పెడితే అందరం చప్పట్లు కొట్టినం, మంచిదే, కానీ ఆ సిటీల పొద్దుగూకినంక రోడ్ల పక్కన జొన్నరొట్టెలు కొట్టే ఆడోళ్లల్ల ఎంతమంది మన దిక్కోళ్లో ఒక కాగితం మీద కూడా లేదు.

నా స్టూడెంట్ ఒకడున్నడు, దేవరకద్ర దిక్కు పిల్లగాడు. వాళ్లమ్మ హైదరాబాద్‌ల రొట్టెల బండి నడుపుతది. నేను పోయి కూసొని చూసిన. పిండిల మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి, ముద్ద చేసి పీట మీద అరచేత్తో గుండ్రంగ కొట్టుకుంట పోతది, పెనం మీద ఏసినంక తడిగుడ్డతోని పైన నీళ్లు అద్ది తిప్పుతది, ఇదంతా ఒక చేత్తో చేసుకుంట ఇంకో చేత్తో ఫోన్‌పే స్కానర్ గిరాకీ దిక్కు తిప్పుతది. కొనేటోళ్లు ఎవరనుకున్నరు? చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లల్ల షుగర్ పేషెంట్లు. డాక్టర్ అన్నం తగ్గించమన్నడని స్కూటీ ఆపి నాలుగు పార్సల్ కట్టించుకొని పోతరు. ఆ రొట్టె చేసే ఆమె మాత్రం రాత్రి ఇంటికి పోయి అన్నమే తింటది. 1983ల రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి సంది మన ఊర్లల్ల జొన్న గిన్నెలకెళ్లి ఎట్ల జారుకుంట పోయిందో, ఇప్పుడు అదే జొన్న పట్నంల ఉన్నోళ్ల ప్లేట్లకు ఎట్ల చేరిందో, ఈ ఒక్క బండి కాడ నిలబడితే కనపడుతది. పిండి యాడిది అంటే మన దిక్కుది కాదు, సోలాపూర్ దిక్కు నుంచి వచ్చే జొన్న అన్నది, అది ఇంకో కథ.

ఆమె కూడా ఫస్ట్ బండితోని రాలె. కూలోళ్లను గుంపుగ పనికి తీసుకపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని బిల్డింగ్ సైటు పనికి వచ్చింది, వారానికి ఒకసారి చేతిఖర్చుకు ఖర్చీ, మిగిలిన లెక్క అంతా మేస్త్రీ నోట్‌బుక్‌ల. భర్తకు నడుం పోయినంక సైటు కాడ వాచ్‌మన్లకు రొట్టెలు చేసి ఇచ్చుడు మొదలుపెట్టింది, అట్ల అట్ల బండి. పెట్టుబడి గిరిగిరి ఫైనాన్స్, పొద్దున ఇచ్చి రోజూ సాయంత్రం వసూలు చేసుకునే పైసలు. 2020ల పీఎం స్వనిధి అని 10,000 లోన్ పెట్టిన్రు కదా, దానికి వెండింగ్ కార్డు గానీ మున్సిపాలిటీ లెటర్ గానీ కావాలె. ఆమె ఆధార్‌ల ఊరి అడ్రస్, రేషన్ ఊర్లనే, ఓటు ఊర్లనే. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా బండి జాగ మారుతనే ఉంటది. ఊరి లెక్కల ఆమె ఊర్లనే ఉంది, పట్నం లెక్కల అసలు లేనే లేదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ఏమంటది? ప్రతి టౌన్‌ల అయిదేండ్లకు ఒకసారన్నా సర్వే చెయ్యాలె, జనాభాల 2.5 శాతం వరకు బండ్లోళ్లకు జాగ చూపియ్యాలె, టౌన్ వెండింగ్ కమిటీల 40 శాతం బండ్లోళ్లే ఎన్నికై రావాలె. మంచి చట్టమే, చదివితే కడుపు నిండుతది. కానీ సర్వే అంటే పేరు, ఫోటో, ఏం అమ్ముతవ్, అంతే. యాడికెళ్లి వచ్చినవ్, ఎందుకొచ్చినవ్, నీ ఎనక ఎవరొచ్చిన్రు అని ఎవ్వరడుగుతరు?

సర్వేల మాట వచ్చింది కాబట్టి 2014 ఆగస్టు 19 యాదికి తెచ్చుకోండి. సమగ్ర కుటుంబ సర్వే నాడు రాష్ట్రమంతా బంద్, లెక్కల లేకపోతే కార్డు పోతదేమో అని బొంబాయి, భీవండి, సోలాపూర్ నుంచి మన జనం నిలబడే జాగ లేని బస్సులల్ల, రైళ్లల్ల ఇండ్లకొచ్చి కూసున్నరు. ఎన్యూమరేటర్ వచ్చి చూస్తే ఇల్లు నిండుగ ఉంది! తెల్లారి మళ్ల బస్సెక్కి పోయిన్రు. వలస ఉన్న జిల్లాల వలసోళ్లంతా ఇంట్ల దొరికిన రోజు అది. 2024 నవంబర్‌ల మీరు చేయించిన కుల సర్వేల వలస గురించి అడిగిన్రు, అందుకు థ్యాంక్స్, నిజంగనే. కానీ ఆ ప్రశ్నకు ముసలవ్వ అరుగు మీద కూసొని చెప్పే జవాబు "పట్నం పోయిన్రు బిడ్డా". పట్నంల యాడ, ఏం పని, మధ్యల ఎన్ని పనులు మారిన్రు అనేది ఆమెకే తెల్వదు.

ఇది పోయేటోళ్ల సంగతి. వచ్చేటోళ్లు కూడ ఉన్నరు కదా. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ కాడ సాయంత్రం పానీపూరీ తినుకుంట ఆ పిల్లగాడిని ఊరడిగితే బీహార్ అంటడు. జడ్చర్ల కాడ ఫ్యాక్టరీలున్న పోలేపల్లి సెజ్ చుట్టుముట్టు, ఇటు నల్గొండల మిర్యాలగూడ రైస్ మిల్లుల కాడ బస్తాలు మోసేటోళ్లల్ల బీహారోళ్లే మస్తు. మనోళ్లు పూణే పోతరు, వాళ్లు మన దగ్గరికి వస్తరు, ఎందుకు? కూలి రేటా, మేస్త్రీ పద్ధతా, మనోళ్లకు ఊర్ల మూట మొయ్యబుద్ధి కాదా? (మా కాలేజీల ఈ మాట మీద రోజూ కొట్లాటనే.) టీవీల కూసొని చెప్పుడు ఈజీ, తిరిగి అడిగి రాసుడే కష్టం.

తిరగాలంటే పైసలు కావాలె. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష గట్టెక్కి రీసెర్చ్ చేసేటోళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చినోళ్లకు నెలకు 37,000, బాగనే ఉంది, ఎంతమందికి వస్తది? సెంట్రల్ యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసేటోళ్లకు నెట్ లేకున్నా నెలకు 8,000 యూజీసీ ఇస్తది, మన స్టేట్ యూనివర్సిటీల పిల్లలకు అది కూడా లేదు. దేశంల రీసెర్చ్‌కు పైసలు ఇచ్చేటందుకు ఢిల్లీల కొత్తగ పెట్టిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు అయిదేండ్లకు 50,000 కోట్లు అన్నరు, అందుల ఎక్కువ భాగం ప్రైవేటు దిక్కు నుంచి రావాల్నట, రొట్టెల బండి మీద ఏ కంపెనీ పైసలు పెడుతది సారూ?

నేను కోట్లు అడుగుతలేను. ఆ 8,000 లెక్కనే మన ఉమ్మడి జిల్లా పిల్లలు 20 మందికి ఇస్తే ఏడాదికి 19 లక్షల 20 వేలు. బస్సు చార్జీలకు, రికార్డింగ్‌కు ఇంకో అయిదారు లక్షలు ఏసుకోండి. ఒక ఊర్ల సీసీ రోడ్డు పని అంత. పైగా పట్నం నుంచి వచ్చిన రీసెర్చ్ వాళ్లకు మేస్త్రీ పేరు చెప్పాలంటే కూలోళ్లు భయపడుతరు, అదే మన తండా పిల్లగాడు అడిగితే "నువ్వు ఫలానా ఆమె కొడుకువు కాదుర" అని కూసోబెట్టి అన్నీ చెప్తరు. ఇంత మంచి రీసెర్చర్లను మనం డెలివరీ బాయ్స్‌గ పంపుతున్నం.

తొందరెందుకంటే, జనగణన 2027 ఫిబ్రవరిల ఉంది, మార్చి 1 నాటికి ఎవరు యాడున్నరో అదే లెక్క. ఫిబ్రవరి అంటే జనం వలస పోయి మన ఊర్లల్ల సగం ఇండ్లకు తాళాలుండే టైం, మీకు తెలుసు. ఆ లోపల కనీసం హైదరాబాద్‌ల, మహబూబ్‌నగర్‌ల, మిర్యాలగూడల బండ్ల కాడ పిల్లలు తిరిగి రాస్తే, ఆ లెక్కల ఎవరు పడలేదో పట్టుకోనికె ఒక కాగితమన్నా ఉంటది. గైడ్ రెగ్యులర్ ప్రొఫెసరే ఉండాలె అని రూల్ పెట్టకండి, అట్ల పెడితే మన దగ్గర సగం డిపార్ట్‌మెంట్లు అప్లై చెయ్యలేవు. రిపోర్ట్ తెలుగుల రాసినా తీసుకోవాలె. ఫారం కూడ రెండు పేజీలు దాటొద్దు, మొన్న నేను నింపింది 34 పేజీలుండె, అందుల "అంతర్జాతీయ ప్రాముఖ్యత" అని ఒక కాలమ్, రొట్టెకు ఏం రాయాల్నో తెల్వక ఖాళీ ఇడిచిపెట్టిన.

ఇట్లు,
పాలమూరు నుంచి ఒక గెస్ట్ లెక్చరర్