పశువైద్యుల చీటీ మందుల దుకాణంలో చెల్లదా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లి మందుల గురించి పత్రికకు ఉత్తరం రాయడమేమిటని మా ఇంట్లోనే నవ్వారు. నవ్వనివ్వండి. నేను ఉచితంగా మందులు ఇవ్వమని అడగడం లేదు, సబ్సిడీ అడగడం లేదు. పశువైద్యురాలు సంతకం పెట్టి రాసిచ్చిన చీటీ చూసి, నా దగ్గర డబ్బు తీసుకుని, అట్ట మీద అచ్చు వేసిన ధరకే మందు ఇవ్వమంటున్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో మందుల దుకాణం లేని వీధి వెతకాలి. అలాంటి చోట ఇంత చిన్న కోరిక తీరడం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది.

నాది కొత్తవాడ. జంపఖానాలు నేస్తాను. మా వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును ఎలుకలు లెక్కచేయవు. నూలు చిలపల మధ్య ఒక ఎలుక గూడు పెట్టిందంటే ఎన్ని పోగులు తెగుతాయో చెప్పలేం. తెగిన పోగులు ఏరి ముడివేస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. ఆ పూటకు కూలి ఎవరిస్తారు? అందుకే మగ్గం ఉన్న ఇంట్లో పిల్లి ఉండటం మా వాడలో వింత కాదు. మా పిల్లి పేరు బొట్టు. తెల్లటి ఒళ్లు, నుదుట నల్లమచ్చ. పదేళ్లకు పైగా మా నూలుకు కాపలా కాసింది. పెంపుడు జంతువులు డబ్బున్నవాళ్ల సరదా అని తీసిపారేసేవాళ్లు ఒకసారి మా ఇంటికొచ్చి, నూలు మూట మీద అది పడుకున్న తీరు చూడాలి. ఆ మూట ఖరీదు నేను చెబుతాను.

కిందటి వానాకాలంలో బొట్టు తనకు ఏళ్ల తరబడి తెలిసిన మగ్గం గుంటలోనే జారిపడింది. ఎత్తి వాకిట్లోకి తెచ్చి చూశాను. పగటి వెలుతురులో పిల్లి కంటిపాప సన్నటి గీతలా ముడుచుకోవాలి. దీని కళ్లు రెండూ నిండా నల్లగా ఉన్నాయి. కళ్ల ముందు చేయి ఆడించినా రెప్ప కదల్లేదు. హనుమకొండలో పిల్లులకు, కుక్కలకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వేలెడంత వెడల్పున్న పట్టీ ఒకటి దాని ముందుకాలికి చుట్టి బీపీ చూశారు, కళ్లలోకి లైటు వేసి చూశారు, రక్తం తీసి పరీక్షకు పంపారు. వయసు మీద పడిన పిల్లులకు మూత్రపిండాలు దెబ్బతినడం మామూలేనట. దాంతో బీపీ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి వెనుక పొర ఊడి, చూపు ఒక్కసారిగా పోతుంది. బీపీని అదుపులోకి తెస్తే చూపు కొంతైనా తిరిగి రావచ్చనీ, రాకపోయినా మూత్రపిండాలు మరి కొంతకాలం పనిచేస్తాయనీ ఆమె చెప్పారు.

ఇక మందు సంగతి. పిల్లుల కోసమే తయారుచేసిన బీపీ మందు ద్రవరూపంలో ఉందట. "అది తెప్పించుకోవాలంటే మీవల్ల కాదు, దాని ఊసు వదిలేయండి" అని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేశారు. అలా చెప్పే వైద్యులు మనుషులకు కూడా దొరకాలని నా కోరిక. మనుషులకు బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ మాత్రే పిల్లులకూ పనిచేస్తుంది, చాలా ఏళ్లుగా వైద్యులు వాడుతున్నదే. 2.5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి రోజుకొక ముక్క వేయాలి. 10 మాత్రల అట్ట కొంటే 40 రోజులు వస్తుంది. ఆ మందు అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, ధరకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. జన్ ఔషధి కేంద్రంలో కొంటే ఇంకా తక్కువ. జంపఖానాలు నేసి బతికేవాడు కూడా వెనకాడకుండా కొనగల మందు ఇది.

మాత్రను నాలుగు ముక్కలు చేయడం నేత కన్నా కష్టమని చెబితే నమ్మరు. అది మినపగింజంత ఉంటుంది. పోగులు కోసే బ్లేడుతో పళ్లెంలో పెట్టి నొక్కితే ఒక ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది, ఒకటి పొడి అవుతుంది. మా ఆవిడ ఉడికించిన కోడిముక్కలో దాచి పెట్టింది. బొట్టు కోడిముక్క మొత్తం తిని, మాత్రను మాత్రం శుభ్రంగా నాకి నేల మీద వదిలేసింది. కళ్లు కనబడని పిల్లి సంగతి ఇది. చివరికి డాక్టరమ్మ చేసి చూపించారు. తల వెనుక నుంచి పట్టుకుని, నోరు తెరిచి, నాలుక మొదట్లో ముక్క పడేసి, వెంటనే సూది లేని సిరంజితో నాలుగు చుక్కల నీళ్లు పోయాలి. నీళ్లు పోయకపోతే మాత్ర గొంతులో ఇరుక్కుని పుండు పడుతుందట. ఇప్పుడు మా చిన్నమ్మాయి కన్నుమూసి తెరిచేలోగా వేసేస్తుంది.

వేయడం నేర్చుకున్నాం కానీ కొనడమే కష్టమైంది. మొదటి దుకాణంలో చీటీ చూసి "ఇది పశువుల చీటీ కదా పెద్దాయనా, మేం మనుషుల మందులే అమ్ముతాం" అన్నారు. ఇంకోచోట, జంతువుల కోసమని మనుషుల మందు అమ్మితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ లైసెన్సు పీకేస్తాడన్నారు. మరోచోట కుర్రాడు జాలిపడి "మీ ఆర్‌ఎంపీతో నీ పేరు మీద రాయించుకురా కాకా, ఇస్తాను" అన్నాడు. ఐదున్నరేళ్లు కాలేజీలో చదివి, పశువైద్య మండలిలో పేరు నమోదు చేసుకున్న డాక్టరు సంతకం కన్నా, ఏ డిగ్రీ లేకుండా సూదులు పొడిచే మనిషి రాత అక్కడ ఎక్కువ చెల్లుతుందన్నమాట. ఇంకొకాయన ఆ మాత్రం శ్రమ కూడా పెట్టలేదు. "ఆ చీటీ జేబులో పెట్టుకో. నీకే బీపీ ఉందని చెప్పు, ఇచ్చేస్తా" అన్నాడు. అబద్ధం చెబితే అమ్ముతారు, నిజం చెబితే అమ్మరు.

నిజానికి నాకూ బీపీ ఉంది. నీ మాత్రే విరిచి వెయ్యరాదా అని పక్కింటివాళ్లు సలహా ఇచ్చారు. నేను వేసుకునేది రెండు మందులు కలిపిన మాత్ర. అందులో రెండోది ఆ వయసు పిల్లికి ఎంత వేయాలో, అసలు వేయవచ్చో లేదో నేనెలా తేల్చను? ఇంట్లో ఉన్న మందు విరిచి వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి పారాసిటమాల్ ఒక్కటి చాలు. మనం జ్వరం వస్తే వేసుకునే ఆ మాత్ర పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. సక్రమంగా రాసిన చీటీని తిప్పి పంపే ప్రతి దుకాణం ఒక మనిషిని ఇలాంటి సొంత వైద్యం వైపు నెడుతోంది.

మా చిన్నమ్మాయి బి.ఫార్మసీ చదువుతోంది. నా గోల భరించలేక నియమాలు వెతికి చదివి వినిపించింది. 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం, 10వ ఉపనియమం చీటీ ఎలా ఉండాలో చెబుతుంది. డాక్టరు సంతకం, తేదీ ఉండాలి. ఎవరికోసం రాశారో వారి పేరు, చిరునామా ఉండాలి. మందు పశువైద్యానికైతే ఆ జంతువు యజమాని పేరు, చిరునామా ఉండాలి. మొత్తం ఎంత మందు, మోతాదు ఎంత అన్నదీ ఉండాలి. జంతువు యజమాని ప్రస్తావన చట్టంలోనే ఉందంటే, పశువైద్యుల చీటీ మందుల దుకాణానికి వస్తుందని ఆ నియమం రాసినవాళ్లు అప్పుడే ఊహించారన్నమాట. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులకు చీటీ రాయదగిన వైద్యులెవరో నిర్వచించిన 2వ నియమంలో దంతవైద్యులతో పాటు, రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన అర్హత ఉన్న పశువైద్యులు కూడా ఉన్నారు. ఇక లైసెన్సు ఎవరు పీకేస్తారు?

పశువైద్యులకూ ఒక మాట చెప్పాలి. మా చీటీ మీద రోగి పేరు అని ఉన్నచోట "బొట్టు" అని మాత్రమే ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ చట్టం అడిగేది నా పేరు, నా ఇంటి నంబరు. డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే వెంటనే తిరిగి రాసి, తన రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేశారు. పైగా కంపెనీ పేరు కొట్టేసి మందు పేరు రాశారు. కంపెనీ పేరు రాస్తే జన్ ఔషధి కేంద్రంలో ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. అక్కడ మందు పేరుతోనే అమ్ముతారు. రోగం దీర్ఘకాలికమని తెలిసినప్పుడు ఈ చిన్న తేడా ఇంటి ఖర్చును చాలా మారుస్తుంది.

దుకాణదారుల భయం పూర్తిగా గాలి నుంచి పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. పశువులకు వాడకూడదని ప్రభుత్వం నిషేధించిన మందులు కొన్ని ఉన్నాయి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి గుంపులు గుంపులుగా చచ్చాయి. 2006లో పశువైద్యంలో దాన్ని ఆపేశారు. మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్ పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. మన ఉత్తర తెలంగాణలోనే బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి కాబట్టి ఈ నిషేధం విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అవి నొప్పి మందులు. ఆ నిషేధంలో బీపీ మాత్ర లేదు. కొన్ని మందులకు పెట్టిన ఆంక్షను దుకాణంలోని అన్ని అరలకూ పాకించి, జంతువు పేరు వినగానే చీటీ వెనక్కి నెట్టడం జాగ్రత్త అనిపించుకోదు.

ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లాను. అక్కడి డాక్టరుగారు మర్యాదగా మాట్లాడారు. అలమారలో గొర్రెల నట్టల మందు, గేదెల కాల్షియం, గాయాలకు పూసే మందు ఉన్నాయి. రైతు పశువుల కోసం వచ్చే సరుకులో పిల్లి బీపీ మాత్ర ఎందుకుంటుంది? నేను తప్పు పట్టను. అయితే 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఔషధి అనే కొత్త పథకానికి 75 కోట్ల రూపాయలు కేటాయించింది. జనరిక్ పశువైద్య మందులను సహకార సంఘాలు, కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా తక్కువ ధరకు అమ్మాలన్నది ఉద్దేశం. అది పాడిపశువుల కోసం పెట్టిన పథకమే. అయినా ఆ అరల్లో పిల్లులకు, కుక్కలకు జీవితాంతం వాడాల్సిన మందులు ఐదారు పెడితే ఖజానాకు వచ్చే నష్టం లేదు, మేం కొనుక్కుంటాం. మన పక్కనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఏ మందులు పెట్టాలో అక్కడి అధ్యాపకులు ఒక్క పూటలో జాబితా రాసివ్వగలరు.

అంతకన్నా ముందు జరగాల్సిన పని ఇంకా చవక. జిల్లా ఔషధ నియంత్రణ అధికారులు ఒక పేజీ సర్క్యులర్ తెలుగులో ముద్రించి ప్రతి దుకాణానికీ, ప్రతి జన్ ఔషధి కేంద్రానికీ పంపాలి. యజమాని పేరు, చిరునామా, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, మోతాదు ఉన్న పశువైద్యుల చీటీకి మందు ఇవ్వవచ్చని అందులో ఉండాలి. పశువులకు నిషేధించిన మందుల పేర్లు దాని కిందే ఉండాలి. భయం పోవాలన్నా, అబద్ధాలు ఆగాలన్నా ఆ కాగితం చాలు.

మనుషులకే మందులు దొరకని దేశంలో పిల్లి గోల ఏమిటని ఎవరైనా రాస్తే, వారికి నా జవాబు ముందే చెబుతున్నాను. నేను మనిషి మందు లాక్కోవడం లేదు. 40 రోజులకు ఒక అట్ట కొంటున్నాను. బొట్టుకు ఇప్పుడు వెలుగు, నీడ తెలుస్తున్నాయి. ఎలుకలు పట్టే పని మాత్రం దాని మనవరాలు చూసుకుంటోంది.

సంపాదకులు ఈ ఉత్తరాన్ని కుదించినా ఫర్వాలేదు కానీ, 65వ నియమం గురించి రాసిన భాగం ఉంచమని మనవి. ఈ నెలాఖరుకు అట్ట అయిపోతుంది. ఆ ముక్క కత్తిరించి చీటీకి పిన్ను కొట్టి, నన్ను మొదట తిప్పి పంపిన దుకాణానికే వెళతాను.

ఇట్లు,
ఒక జంపఖానా నేతకారుడు,
కొత్తవాడ, వరంగల్.