బ్యాండ్ వదులు చేసి నన్ను ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

నాన్నగారి సంవత్సరీకానికి మెల్‌బోర్న్ నుంచి తెనాలి వచ్చి, రెండు రోజులపాటు గుక్కెడు మంచినీళ్ళు కూడా దిగని స్థితిలో పడిపోయిన నన్ను ఆదుకున్నవారందరికీ ఈ మాటలు రాస్తున్నాను. ఆ కంగారులో కొందరి పేర్లయినా అడగలేకపోయాను.

2010లో మెల్‌బోర్న్‌లో నాకు గ్యాస్ట్రిక్ బ్యాండ్ అమర్చారు. బరువు తగ్గడానికి చేసే శస్త్రచికిత్సల్లో అప్పట్లో ఆస్ట్రేలియాలో అదే ఎక్కువ. జీర్ణాశయం పైభాగం చుట్టూ వేసే సిలికాన్ పట్టీ అది. దాని లోపలి అంచున ఉండే బుడగను ఒక సన్నని గొట్టం పొట్ట చర్మం కింద కుట్టిన చిన్న పోర్టుతో కలుపుతుంది. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. బిగింపు కుదిరితే నాలుగు ముద్దలకే తృప్తి కలిగి, గంటల తరబడి ఆకలి మాట గుర్తుకు రాదు. మితిమీరితే తిన్నది అడ్డుపడుతుంది, పడుకుంటే పులితేన్పులు గొంతులోకి ఎగదన్ని దగ్గు మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక్కోసారి అర మిల్లీలీటరే.

ఆ అర మిల్లీలీటరును ప్రయాణానికి పది రోజుల ముందు నేనే పట్టుబట్టి ఎక్కించుకున్నాను. ఊళ్ళో పెట్టుపోతల మధ్య బరువు పెరుగుతానేమోనన్న భయం నాది. దూరప్రయాణానికి ముందు బిగించడం మంచిది కాదని నర్సుగారు ముందే చెప్పారు. వినకపోవడం నా పొరపాటు. తెనాలి చేరినప్పటి నుంచి రోజుకు ఒకసారైనా వాంతి అవుతూనే ఉంది. ఆబ్దికం నాడు భోజనాలు ఆలస్యమై, ఆకలి మీద గారె ముక్కను సరిగా నమలకుండానే మింగాను. అది దిగలేదు. ఆ రాత్రి నుంచి నోట్లో నురగలాంటి లాలాజలం ఊరుతూ, ఉమ్మడం తప్ప మింగడం సాధ్యం కాలేదు. మొదట చూపించుకున్న చోట ఎసిడిటీ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. మన దగ్గర బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్, తిన్నదాన్ని పక్కదారి పట్టించే బైపాస్ చేయించుకున్నవారే ఎక్కువ కనబడతారు కాబట్టి బ్యాండ్ సంగతి తట్టకపోవడాన్ని నేను తప్పుపట్టను.

అప్పుడు మా పెద్దమ్మ కొడుకు, నేను అన్నయ్య అని పిలుచుకునే మనిషి, విషయాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటిందని తెలిసినా మా క్లినిక్ అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. నన్ను హెచ్చరించిన ఆ నర్సుగారే, మందలింపు మాట ఒక్కటీ లేకుండా, బ్యాండ్ రకం, అందులో ఉన్న సెలైన్ 6.5 మిల్లీలీటర్లన్న లెక్క, పోర్టు ఎడమ పక్కటెముకల కింద ఎక్కడ ఉందో తెలిపే ఎక్స్‌రే అన్నీ పావుగంటలో పంపించారు. మామూలు సూది వాడితే పోర్టు పొర చిల్లుపడి కారిపోయే ప్రమాదం ఉందని, పొరను తొలిచేయకుండా దిగే హ్యూబర్ సూదే కావాలని గట్టిగా చెప్పారు.

ఆ సూది రాత్రిపూట ఎక్కడ దొరుకుతుంది? విజయవాడలో నన్ను చూడడానికి ఒప్పుకున్న సర్జన్‌గారే దారి చూపారు: కీమోథెరపీ పోర్టులకు వాడేదీ అలాంటి సూదే కాబట్టి క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర అడగమన్నారు. అక్కడి మందుల దుకాణంలో ఒక పెద్దాయన, మూసిన షట్టర్ మళ్ళీ ఎత్తి, ఒకటి తప్పిపోతే ఇబ్బంది పడతారంటూ రెండు సూదులు ఇచ్చి, డబ్బు తర్వాత చూసుకుందాం, ముందు బయల్దేరండి బాబూ అన్నారట.

సర్జన్‌గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, పొట్ట కండరం బిగిసినప్పుడు పోర్టును వేళ్ళతో పట్టుకున్నారు. ఒక్క పోటు, సిరంజిలోకి సెలైన్ మెల్లగా వచ్చింది. లెక్క చూస్తే సరిగ్గా 6.5, అంటే బ్యాండ్ ఎక్కడా కారడం లేదు. లేచి కూర్చుని నీళ్ళు తాగమన్నారు. ఆ మొదటి గుక్క కిందికి జారుతున్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. గిన్నె పట్టుకుని నిలబడ్డ నర్సమ్మ నా వీపు నిమురుతూ ఉండిపోయింది. వాంతులు వారాలుగా అవుతున్నాయని విని, గ్లూకోజ్ పెట్టే ముందే విటమిన్ బీ1 ఇవ్వాలని గుర్తుంచుకున్న డ్యూటీ డాక్టరమ్మాయికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. బ్యాండ్ జారలేదని మర్నాడు బేరియం ద్రవం తాగించి తీసిన ఎక్స్‌రేలో తేలింది.

వాపు తగ్గేదాకా ఆరు వారాలు బ్యాండ్‌ను ఖాళీగానే ఉంచి, మెల్‌బోర్న్‌లో మళ్ళీ 3 మిల్లీలీటర్లతో మొదలుపెట్టారు. ఈసారి తొందరపెట్టలేదు. బ్యాండ్ వివరాలన్నీ రాసిన కార్డు ఇప్పుడు నా పాస్‌పోర్టుతోపాటే ఉంటోంది.

మందుల దుకాణం పెద్దాయనకు అన్నయ్య మర్నాడే వెళ్ళి డబ్బు ఇచ్చాడు గానీ, ఆయన పేరు అడగడం మరిచాడు. ఈ మాటలు ఆయన దాకా చేరితే, రెండో సూది విప్పే అవసరం రాలేదని, దాన్ని సర్జన్‌గారి దగ్గరే ఉంచి వచ్చామని ఆయనకు తెలియాలని నా కోరిక.